రెండో నీలం స్లాటు

పెదవాల్తేరు రోడ్డు మీద మా షాపుకి షట్టరు ఒకటే, బోర్డులు రెండు. ఎడమవైపు నాది. డీటీపీ, జెరాక్స్, పెళ్లికార్డులు. కుడివైపు కన్నబాబుది. కంప్యూటర్ల అసెంబ్లింగు, రిపేర్లు. మధ్యలో నడుమెత్తు ప్లైవుడ్ అడ్డు ఒకటి ఉందన్న మాటే గానీ, వాడి మాటలు నాకూ, నా కేకలు వాడికీ అన్నీ వినిపిస్తాయి. నాకు కోపం ఎక్కువని ఈ వీధిలో అందరికీ తెలుసు. కార్డు అచ్చుకి వెళ్లడానికి గంట ముందు వచ్చి పెళ్లికొడుకు తాతగారి ఇంటిపేరు మార్పించే జనంతో ఇన్నేళ్లు వేగితే ఎవరికి రాదు కోపం. నా పేరు అనూరాధ. మాది ఎలమంచిలి దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం. నా సంగతి ఇంతకంటే అక్కర్లేదు. నేను చెప్పబోయేది కన్నబాబు గురించి.

కన్నబాబుది పెదజాలారిపేట. వాళ్ల నాన్న, అన్నలు, బాబాయిలు అందరూ సముద్రం మీదికి వేటకెళ్లేవాళ్లే. వీడొక్కడికే పడవ పడదు. ఒడ్డు దాటి కెరటాల్లోకి వెళ్లీ వెళ్లగానే వాంతులు. "ఏట్రా, సంద్రం నీకు మావఁగారా, అంత మొగమాటపడతన్నావ్" అని పేటలో వాణ్ణి ఏడిపించేవాళ్లట. వాడి పెళ్లాం చిట్టమ్మ మా షాపు మెట్ల పక్కనే చేపల బుట్ట పెట్టుకుని అమ్ముతుంది. ఆమె ఇంకా ఒక మెట్టు ఎక్కువ. "మా ఆయనకి సేపల్తో సుట్టరికం కంచంలోనే అక్కా" అంటుంది. వాడు నవ్వేసి ఊరుకుంటాడు. పడవ అక్కర్లేని పని ఒకటుంది కదా, ఒడ్డున నిలబడి పెద్దవల లాగడం. చిన్నప్పుడు అది మాత్రం అందరితో కలిసి లాగేవాడు. తరవాత ఐటీఐ చదివాడు, టీవీలు బాగుచేశాడు, అక్కణ్ణించి కంప్యూటర్లలోకి వచ్చాడు.

వాడి పని పద్ధతి చూస్తే ముచ్చటేసేది. మా ఊరి గాలికి ఉప్పుంటుంది. గేటు గొళ్లెం, సైకిలు చైను, వంటింట్లో డబ్బా మూత, దేన్నీ వదలదు. హార్బరు వైపు ఇళ్లకైతే దానికి తోడు నల్ల దుమ్ము. అందుకని కన్నబాబు ఏ సీపీయూ బిగించినా ముందు ర్యాము అంచున ఉన్న బంగారు రంగు పళ్లని స్కూలు పిల్లల రబ్బరుతో రుద్దేవాడు. తరవాత ర్యాము పెట్టే స్లాట్లలో వాడనివి ఏవైనా మిగిలితే వాటి మీద సెల్లోటేపు అంటించేవాడు. "రేపు ఇంకో ర్యాము కొనుక్కుంటే స్లాటు శుభ్రంగా ఉండాల కదక్కా. ఉప్పుగాలి దూరీసిందంటే మరేటి సేత్తాం" అనేవాడు. ఈ టేపు సంగతి చూసే చాలామంది వాడి దగ్గరికి వచ్చేవాళ్లు. ఇంత జాగ్రత్త పెద్ద కంప్యూటరు షాపులుండే డాబాగార్డెన్స్‌లో ఎవరు తీసుకుంటారు అని మెచ్చుకునేవాళ్లు.

రెండువేల మూడు తరవాత కొత్త రకం మదర్‌బోర్డులు వచ్చాయి. వాటి మీద ర్యాముకి నాలుగు స్లాట్లు వరసగా ఉండేవి. నీలం, నలుపు, నీలం, నలుపు. ఈ రంగులెందుకని నేనడిగితే "ఏటుంది, ఫ్యాన్సీకి" అన్నాడు. బాగానే ఉన్నాయి అనుకున్నాను నేనూ. వాడికి సామాను ఇచ్చే హోల్‌సేల్ మనిషి మాత్రం ఒక మాట చెప్పాడు. ఈ బోర్డులకి పెద్ద ర్యాము ఒకటి వేసే బదులు సమానమైన చిన్నవి రెండు వేస్తే మెషిను జోరుగా ఉంటుందని. కన్నబాబు అదే మాట కొనేవాళ్లకి చెప్పేవాడు. ఈడువాళ్లందరూ వాడికి బావలే. "రెండేయించుకోండి బావా, జోరుంటాది" అని. వాళ్లు సరే అనేవాళ్లు. వీడు మొదటి నీలంలో ఒకటి, దాని పక్క నలుపులో ఒకటి పెట్టి, మిగిలిన రెండిటి మీదా ఒకే ముక్క టేపు సాఫీగా అంటించేవాడు. "జంటని పీటల మీద పక్కపక్కన కూకోబెట్టీసానక్కా" అని మురిసిపోయేవాడు.

రెండువేల ఐదు వేసవిలో ఒక పొద్దున్న సాయిశంకర్ ఆటోలో దిగాడు. అతనిది దువ్వాడ. పెళ్లి వీడియోలు మిక్సింగు చేస్తాడు. కన్నబాబు దగ్గర కొన్న సీపీయూ ఒకటి చంకలో, ఇంకో సీపీయూ ఆటోడ్రైవరు చేతుల్లో. రెండూ తెచ్చి నేరుగా నా బల్ల మీద, ఆరబెట్టిన కార్డుల పక్కన దించాడు. నాకు ఒళ్లు మండింది గానీ అతని మొహం చూసి కార్డులే పక్కకి జరుపుకున్నాను.

"ఇది నువ్విచ్చింది. అది మా తోడల్లుడు ఇంకోచోట కొన్నది" అన్నాడు కన్నబాబుతో. "బోర్డు అదే, ప్రాసెసరూ అదే, ర్యాములు అయ్యే. రెండిట్లోనూ ఒకే పెళ్లి పెట్టాను. ఆడిది అయిపోయి, ఆడు బోంచేసి సెయ్యి కడుక్కుని వచ్చినా నాది అవ్వలేదు. డూప్లికేటు ర్యాములు అంటగట్టావు నాకు. ఒప్పుకో."

షాపులో అప్పుడు జెరాక్స్ కోసం వచ్చినవాళ్లు ఉన్నారు. అందరూ వినేశారు. అసెంబ్లింగు చేసేవాడికి ఆ ఒక్క మాట చాలు, షట్టరు దింపించడానికి. పెట్టెలో ఏం పెట్టాడో కొన్నవాళ్లు విప్పి చూసుకోరు కదా. వాడి మాట నమ్మి పట్టుకెళతారు. కన్నబాబుకి ఉన్నదల్లా ఆ నమ్మకమే. అది పోతే మళ్లీ టీవీలు బాగుచేసుకోవడమే, అవి కూడా ఎవరైనా ఇస్తే.

"డూప్లికేటు కాదు బావా. ఉండు, సూపిత్తాను" అన్నాడు.

రెండు పెట్టెలూ విప్పాడు. అటు ర్యాములు ఇటు, ఇటువి అటు మార్చి, సాయిశంకర్ తెచ్చిన పెళ్లిలో చిన్న ముక్క రెండిట్లోనూ పెట్టాడు. ఈసారీ వీడి మెషినే వెనకబడింది. అంటే ర్యాములో దోషం లేదు. మరి దోషం ఎక్కడుంది? వాడికీ అంతుపట్టలేదు. రెండో మెషిన్లో ఉన్న తేడా ఒక్కటే, అక్కడ రెండు ర్యాముల మధ్య ఒక స్లాటు ఖాళీగా వదిలేసి ఉంది. టేపూ లేదు, ఏమీ లేదు. "ఎవుడో తొందర్లో బిగించీసాడక్కా. మజ్జిలో దుమ్ము పట్టీదా" అని కన్నబాబు ఆ మెషిను మీద జాలిపడ్డాడు. పోనీ పాపమని అక్కడ బ్రష్షుతో తుడిచాడు కూడా.

చూసి చూసి నాకు విసుగొచ్చింది. "ముందు ఆ రెండు మానిటర్లూ పక్కపక్కన పెట్టు. రెండూ ఒకేసారి ఆన్ చెయ్యి" అన్నాను. నా పనిలో పాత ప్రూఫూ కొత్త ప్రూఫూ పక్కపక్కన పెట్టుకుని చదవడం అలవాటు. తేడా ఎక్కడుందో కన్నే పట్టుకుంటుంది. కంప్యూటరు మేలుకునేటప్పుడు నల్ల తెర మీద తెల్ల అక్షరాలు గబగబా పరిగెడతాయి కదా, అవి ఎవరూ చదవరు. వాటిని ఆపమన్నాను. వాడు రెండు కీబోర్డుల మీదా పాజ్ మీట నొక్కాడు. నేను పైనించి కిందికి వేలు పెట్టి చదువుకుంటూ వచ్చాను. అన్నీ ఒకటే. ఒక్క వరసలో మాత్రం ఆ తెర మీద డ్యుయల్ ఛానెల్ అని ఉంది. మన తెర మీద సింగిల్ ఛానెల్ అని ఉంది.

"ఇదేటి ఈ ఛానెల్?" అన్నాను.

కన్నబాబు బోర్డు మీదికి వంగాడు. ప్రాసెసరు పక్కన ఉన్న చిప్పు నుంచి స్లాట్ల వైపు సన్నటి గీతలు వెళుతుంటాయి. వాటి మీద వేలు పెట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఆ పక్క మెషిన్లో ర్యాములు రెండూ నీలంలో ఉన్నాయి. ఇక్కడ ఒకటి నీలంలో, ఒకటి నలుపులో. మెల్లగా టేపు పీకాడు. నలుపులో ఉన్న ర్యాము తీసి, తను కొన్నాళ్లుగా ఎంతో జాగ్రత్తగా మూసిపెడుతూ వచ్చిన రెండో నీలం స్లాటులో పెట్టి నొక్కాడు. ఆన్ చేశాడు. డ్యుయల్ ఛానెల్ అని వచ్చింది.

తరవాత వాడు నాకు అర్థమయ్యేట్టు చెప్పాడు.

"పెద్దవలకి తాళ్లు రెండక్కా. ఈ తాడుకి ఓ గుంపు, అల్లంత దూరంలో ఆ తాడుకి ఓ గుంపు. రెండు గుంపులూ ఒక్కపాలి లాగితే వల బేగి వస్తాది. ఇక్కడా ర్యాము దగ్గిరికి దార్లు రెండున్నాయి. మొదటి నీలం, దాని పక్క నలుపు ఒక దారి. ఆ రెండో నీలం, రెండో నలుపు ఇంకో దారి. నానేటి సేసీసానంటే, రెండు గుంపుల్నీ ఒక తాడు దగ్గరే నిలబెట్టీసాను. రెండో తాడు ఇసకలో పడుంది. దాని మీద మల్లీ టేపొకటి."

"ఒక తాడుతో లాగితే వల ఎలా వస్తుందిరా?" అన్నాను.

"వల రాదు. ఇది మెల్లగానైనా వచ్చీసింది. అందుకే తెలీనేదు."

సాయంత్రంలోగా సాయిశంకర్ ఆ పెళ్లి వీడియో మొత్తం మళ్లీ పెట్టి చూసుకున్నాడు. రెండు మెషిన్లూ ఇంచుమించు ఒకేసారి ముగించాయి. అతను కాస్త సిగ్గుపడి, "నోరు జారీసాను బావా, ఏటనుకోకు" అని టీ తెప్పించి, ఇద్దరికీ ఇచ్చి, రెండు పెట్టెలతో మళ్లీ ఆటో ఎక్కాడు. హమ్మయ్య అనుకున్నాను. డూప్లికేటు అన్న మాట వచ్చిన చోటే పోయింది. ఇంక కార్డులు కట్టలు కట్టుకుందామని కూర్చుంటే, అడ్డు అవతల స్క్రూడ్రైవరు చప్పుడు కూడా లేదు. తొంగి చూస్తే కన్నబాబు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"సాయిశంకర్ బావది ఒకటే కాదు కదక్కా" అన్నాడు. "రెండేసి ర్యాములు ఎవులెవులికి బిగించానో అన్నీ ఇలగే ఉంటాయి."

"ఉంటే? ఎవరైనా వచ్చి అడిగారా? సినిమాలు చూసుకుంటున్నారు, పిల్లలు ఆటలాడుకుంటున్నారు, అందరూ సుఖంగా ఉన్నారు. ఇకమీదట సరిగ్గా బిగించు, అయిపోయింది."

"ఎల్లి మార్చి వస్తాను."

"ఏటి, నీకేమైనా పిచ్చా? వెళ్లి ఏమని చెబుతావు? నాకు పని రాదు, తప్పు బిగించానని నీ నోటితో నువ్వే చెప్పుకుంటావా? ఇవాళ డూప్లికేటు అన్న మాట నుంచి ఎలాగో బయటపడ్డావు. నీ పేరు నువ్వే పాడుచేసుకుంటానంటే నేనేం చెయ్యను. చిట్టమ్మని పిలవనా?"

చిట్టమ్మ మెట్ల మీద నుంచి అంతా వింటూనే ఉంది. నెత్తళ్ల మీద నీళ్లు చల్లుతూ, "ఆయన ఎల్తానంటే నాను ఆపితే ఆగుతాడా అక్కా" అంది. ఆమె కూడా వాడి పక్షమే అని నాకు అప్పుడర్థమైంది.

"రెండేస్తే జోరుంటాదని సెప్పింది నానే కదా" అన్నాడు కన్నబాబు. "నా మాట మీద రెండేయించుకున్నారు. ఆ జోరు ఆల్లకి అందనేదు. ఆల్లకి తెలీదు, సరే. నాకు తెలిసీసింది కదక్కా."

నేను నెత్తీనోరూ కొట్టుకున్నా లాభం లేకపోయింది. మర్నాటి నుంచి మధ్యాహ్నాలు షాపు నాకు అప్పజెప్పి, స్కూటరు మీద స్క్రూడ్రైవరు, రబ్బరు, బ్రష్షు పెట్టుకుని బయల్దేరేవాడు. ఎవరింట్లో ఏ పెట్టె ఉందో వాడికి వీధులతో సహా జ్ఞాపకమే. ఒకే ర్యాము ఉన్నవాళ్లతో పని లేదు. రెండున్నవాళ్ల ఇళ్లకే వెళ్లేవాడు. వెళ్లి ముందు పెట్టె ముట్టుకునేవాడు కాదు. ముందు గుమ్మంలో నిలబడి, "నాను తప్పు బిగించానండి, సరిసేత్తాను" అని చెప్పేవాడు. ఆ తరవాతే లోపలికి.

తిరిగొచ్చి చెప్పే కబుర్లు నాకు భలే కాలక్షేపం, కోపం కోపమే. ఎంవీపీ కాలనీలో రామలక్ష్మమ్మ గారని రిటైరైన టీచరు. కంప్యూటరుకి పసుపూ కుంకుమా పెట్టి, కుట్టుపని చేసిన గుడ్డ కప్పి ఉంచుతారు. శుక్రవారం పెట్టె విప్పనిస్తానా అని గుమ్మంలోంచే పంపేశారట. శనివారం మళ్లీ వెళితే పెట్టె విప్పనిచ్చి, వీడు ర్యాము మార్చిన సేపూ పక్కనే నిలబడి, అయ్యాక "తప్పు ఒప్పుకున్నావు, మంచిది. మార్కులు మాత్రం కొయ్యక తప్పదు" అని మినపసున్ని ఉండ చేతిలో పెట్టారట. రుషికొండ దగ్గర ఇంటర్నెట్ సెంటరు నడిపే సూర్యకళ అయితే ఒకటే నవ్వు. అక్కడ వరసగా అన్ని మెషిన్లూ మార్చాడు. "నాకు తేడా ఏమీ తెలీట్లేదు గానీ, కార్ల ఆట ఆడే కుర్రాళ్లు మాత్రం బొమ్మ ఎక్కడా ఆగకుండా పోతోందంటున్నారు" అని ఫోన్ చేసి చెప్పింది.

అందరూ మినపసున్ని పెట్టరు కదా. ఉక్కునగరంలో గురునాథరావు గారని స్టీల్‌ప్లాంటు ఆఫీసరు. గుమ్మంలో కన్నబాబు మాట పూర్తి కాకుండానే అందుకున్నారట.

"అంటే ఇన్నాళ్లూ నా చేత సగం కంప్యూటరు వాడించావా?"

"సగం కాదండి. పనిని బట్టి పదోవంతో, ఆరోవంతో బేగి అవుద్ది."

"లెక్కలు చెప్పకు. నీకు తెలీని పని నా ఇంట్లో ఎలా చేశావు? మా సెక్టార్లో ఎంతమంది కంప్యూటర్లు కొనబోతున్నారో తెలుసా? అందరికీ చెబుతాను. ఒక్కరు నీ షాపు మెట్టెక్కితే చూడు."

కన్నబాబు సరేనండి అని, ర్యాము మార్చి, తెర మీద ఆ వరస ఆయనకి చూపించి, నమస్కారం పెట్టి వచ్చాడు. ఆ రోజు మాత్రం కబుర్లు లేవు. అన్నం కారియరు కూడా విప్పలేదు.

ఆయన అన్నంత పనీ చేశారు. ఉక్కునగరం నుంచి ఇద్దరు ముందే చెప్పిన ఆర్డర్లు వద్దన్నారు. గాజువాకలో ఒకాయన ఫోనులోనే, "నువ్వింకా నేర్చుకుంటన్నావట కదా బావా, నేర్చుకున్నాక సూద్దాంలే" అని పెట్టేశాడు. జూన్ నెలంటే కాలేజీలు తెరిచే ముందు కొత్త కంప్యూటర్లు కొనే కాలం. మిగతా ఏళ్లు ఆ నెలలో వాడికి టీ తాగడానికి తీరిక ఉండేది కాదు. ఈసారి మౌసులు తుడుచుకుంటూ కూర్చున్నాడు. నాకు కడుపు మండిపోయింది. "చెప్పానా లేదా? నోరు మూసుకుని ఉంటే ఈపాటికి ఈ బల్ల మీద పది పెట్టెలుండేవి" అని రోజూ పొద్దున్నే ఒక విడత అయ్యేది. వాడు విని, "ఇంకా నాలుగిల్లు మిగిలాయక్కా, గోపాలపట్నం వైపు" అని స్కూటరు తీసేవాడు. ఆ నాలుగూ కూడా పూర్తి చేశాడు. విచిత్రం ఏమిటంటే, చివరి ఇంటి నుంచి వచ్చిన రోజు వాడు హాయిగా ఉన్నాడు. చిట్టమ్మ తెచ్చిన చేపల పులుసుతో రెండుసార్లు అన్నం కలుపుకుని తిని, బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోయాడు. వ్యాపారం లేనివాడికి అంత నిద్ర ఎలా పడుతుందో నాకర్థం కాలేదు, అసూయ కూడా వేసింది.

తరవాత కొద్దిరోజులకి, నేను ఒక కార్డు ప్రూఫు చూసుకుంటుంటే ఒకావిడ మెట్లెక్కి వచ్చింది. వెనక చున్నీతో చెమట తుడుచుకుంటూ ఆవిడ కూతురు. బోర్డులు రెండూ చూసి తికమకపడి నా వైపే వచ్చింది.

"అమ్మా, తప్పు బిగించానని ఇంటింటికీ తిరిగి సెప్పినాయన షాపు ఇదేనా?"

ఇంకెవరో తగువుకొచ్చారనుకున్నాను. ఏదైనా అంటే నాలుగు దులిపేద్దామని సిద్ధంగా ఉండి, "ఎవరమ్మా మీరు? ఎవరు చెప్పారు మీకు?" అన్నాను.

"నా పేరు మంగాయమ్మండి, ఉక్కునగరంలో ఉంటాం. గురునాథరావు గారు సెప్పారు. మా సెక్టారంతా సెప్పీసారు, ఆ షాపుకి ఎల్లకండి, ఆడే తన తప్పు ఒప్పుకున్నాడని. మా అమ్మాయికి ఇంజినీరింగులో సీటొచ్చింది, కంప్యూటరు కొనాల. నాకా, ఆ పెట్టెలో ఏటుంటాదో తెలీదు. ఎవులు ఏటి పెట్టి ఇచ్చినా తెచ్చుకోవాల్సిందే. మా అమ్మాయే అంది, మనకి తెలీకపోయినా తప్పు జరిగితే ఇంటికొచ్చి సెప్పే మనిషి ఒకడున్నాడు కదమ్మా, ఆడి దగ్గరే కొందామని. ఆయనున్నాడా?"

నాకు ఎంత సంతోషం వేసిందంటే, చేతిలో ప్రూఫే మళ్లీ చదవడం మొదలుపెట్టాను. ఒక్క అక్షరం బుర్రకెక్కలేదు. కన్నబాబు అప్పుడు బల్ల కింద వైర్లు సర్దుతున్నాడు. అంతా వినే ఉంటాడు. మోకాళ్లు దులుపుకుంటూ లేచి అడ్డు ఇవతలికి వచ్చాడు.

"ఆ తప్పు బిగించింది నానేనండి" అన్నాడు. "రండి, కూకోండి."